మా మామ నేసిన తెర

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చాప ఇటు లాక్కోండి. గోడకు మాత్రం ఆనుకోకండి, సున్నం కొత్తది, వీపుకు అంటుతుంది. చేతిలో ఏదైనా పని ఉంటే చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. నా మాటలకు చెవులిస్తే చాలు, చేతులతో నాకు పనిలేదు.

ఆ రోజుల్లో అని మొదలుపెడితే తాతల నాటి సంగతి అనుకుంటారేమో, అంత పాతదేం కాదు. పెద్ద ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి. ఇంటికొక ఫోను ఉంటే అది మగవాళ్ల జేబులో ఉండేది, ఆడవాళ్లకు కావాలంటే ఆ జేబు ఇల్లు చేరేదాకా కాచుకోవాలి. అందులో బొమ్మ కదలాలంటే మిద్దె ఎక్కి, చేయి పైకెత్తి, కాసేపు అట్లాగే నిలబడాలి. ఇప్పుడు మా చిన్నది అన్నం తింటూ అదే ఫోనులో ఎక్కాలు నేర్చుకుంటోంది, ముద్ద నోట్లోకి పోతోందా ముక్కులోకి పోతోందా అన్నది కూడా చూసుకోదు. దాన్ని చూసినప్పుడల్లా ఆదోనిలో ఒక బడిలో తాడు పట్టుకుని నిలబడిన పిల్ల ఒకతి గుర్తొస్తుంది. ఆ పిల్ల నేనే లెండి.

నాకప్పుడు పెళ్లయి ఏడాది దాటింది. మా పుట్టిల్లు గోనెగండ్ల. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని (ఇంట్లోవాళ్లే మాన్పించారని చెప్పుకోవచ్చు గానీ, మానేయమన్న రోజు ఎగిరి గంతేసింది నేనే). ఎమ్మిగనూరులో అత్తగారింట మగ్గాల పని. మామ ఒక మగ్గం మీద, మా ఇంటాయన ఇంకో మగ్గం మీద కూర్చుంటే, అత్త, నేను, ఆడబిడ్డ కండెలు చుట్టేవాళ్లం. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లకు నూలు చుడితే అదే కండె. కండెలు అయిపోతే మగ్గం నిలబడిపోతుంది. అందుకే మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతుంటే ఎక్కడికని అడిగేవాళ్లు కాదు, కండెలు చుట్టిపెట్టావా అని అడిగేవాళ్లు.

ఆడబిడ్డ ఇంచుమించు నా వయసుదే. డిగ్రీ చదివి, టీచరు శిక్షణకని ఆదోని కాలేజీలో చేరింది. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు దిగేది. ఇంకా టీచరు కాకముందే మా వీధంతా ఆమెను టీచరమ్మ అని పిలిచేది, సగంమంది ప్రేమతో, సగంమంది ఎగతాళికి. నేను రెండు రకాలుగానూ పిలిచేదాన్ని. మామ ఆమెను పంపడానికి ఒప్పుకున్నది ఒకే మాట మీద. శిక్షణ ఎంతకాలమో అంతే, దాటితే మళ్లీ కండెల దగ్గరికే. ఆయన కఠినుడేం కాదు, ఆ చేయి లేకపోయేసరికి ఒక మగ్గం పూటపూటకూ ఆగిపోతోంది మరి.

సాయంత్రం కండెలు చుట్టేటప్పుడు ఆమె తాను చేయబోయే ఉద్యోగం గురించి చెప్పేది. "నేను టీచరైనాక" అని మొదలుపెడితే రాట్నం తిరిగినంతసేపూ తిరిగేది ఆ మాట. సుద్దముక్కల దుమ్ము ఉండదంట. గోడ మీద వేలు పెడితే సముద్రం వస్తుందంట. ఇంకో వేలు పెడితే గుండె కొట్టుకోవడం కనిపిస్తుందంట. పిల్లలు నోరెత్తకుండా చూస్తూ కూర్చుంటారంట, టీచరు గొంతు చించుకోవాల్సిన పనే లేదంట. అత్త అన్నీ విని, నూలు పోగు తెగితే ముడి వేసుకుంటూ ఒకసారి అడిగింది.

"అన్నీ ఆ మిషనే చెప్తే నీకేంటికే జీతమిచ్చేది?"

"మిషను నొక్కేదానికి," అంది ఆడబిడ్డ. తమాషాకు కాదు, అప్పట్లో ఆమె నిజంగానే అట్లా అనుకుంటోంది.

శిక్షణలో ఉన్నవాళ్లు నిజమైన బడికి పోయి, నిజమైన పిల్లలకు పాఠం చెప్పాలి. వెనక బెంచీలో కాలేజీ సారు కూర్చుని చూస్తాడు. ఈ సారు కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది, కళ్ల మీదికి దించితే ఏదో తప్పు కనబడిందని అర్థమంట. చివరి పాఠంలో ఏదో ఒక యంత్రం వాడి తీరాలని నియమం. మొదటిసారి ఆమె వాన ఎట్లా కురుస్తుందో చెప్పడానికి పోయింది. మా ఇంటాయన ఫోను అడుక్కుని, దానికో స్పీకరు తగిలించి, మబ్బుల వీడియో పెట్టింది. సిగ్నలు లేదు. తెర మీద ఒక చిన్న గుండ్రం తిరగడం మొదలుపెట్టింది, తిరుగుతూనే ఉంది. పిల్లలు కొంతసేపు మర్యాదగా చూసి, తర్వాత చూపుడు వేళ్లతో గాలిలో వాళ్లూ గుండ్రాలు తిప్పారంట. ఆమె ఫోను మీదికి వంగి, వీపు పిల్లల వైపు పెట్టి, నొక్కుతూనే ఉంది. అప్పుడు మబ్బులకు బదులు మా మామ గొంతు వచ్చింది. తన చిన్న ఫోనులోంచి కొడుకు నంబరుకు కొట్టాడాయన. బడిలో ఈమె చేయి తగిలి ఫోను ఎత్తినట్టయింది.

"పాపా, పచ్చ కండెలు యాడ పెట్టి పోతివి? మగ్గం నిలబడింది ఈడ."

స్పీకరులో కదా, బడి వసారా దాకా వినబడిందంట. పిల్లలు ఇప్పటికీ ఆ పాఠం మరిచిపోయి ఉండరు, వాన సంగతి తప్ప. సారు కళ్లజోడు కళ్ల మీదికి దించాడు. ఇంకొక్క అవకాశం ఇస్తాను, అదీ కుదరకపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదటినుంచీ రావాలి అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె తండ్రి ముఖం వైపు చూడలేదు. వచ్చే ఏడాది అనేది మా ఇంట్లో లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మామ పచ్చ కండెలు దొరికాయని మాత్రం చెప్పాడు.

రెండోసారికి ఇంటర్నెట్టు జోలికి పోనని ఒట్టు పెట్టుకుంది. కాలేజీలో బొమ్మను గోడ మీదికి కొట్టే ప్రొజెక్టరు ఒకటి ఉంటే, దాన్నీ, దానికి తగిలించే లాప్‌టాప్‌నూ ఒక్కరోజుకు అడిగి పెట్టుకుంది. పాఠం మనం తిన్న అన్నం కడుపులో ఎట్లా అరుగుతుందనేది. అంతా బాగుంది గానీ, ఆ బడి గోడల మీద జానెడు తెల్లటి జాగా లేదు. ఎవరో పుణ్యాత్ములు నేల నుంచి పైకప్పు దాకా పులులు, పూలు, అక్షరాలు రంగురంగుల్లో వేయించి పెట్టారు. తెర కావాలి. ఆమె ఇంట్లో మిల్లు దుప్పటి ఒకటి తీసి మడత పెడుతుండగా మామ చూశాడు.

అక్కడ మొదలైంది అసలు గొడవ. మగ్గాల ఇంటి పిల్ల మిల్లు దుప్పటి పట్టుకుని నలుగురిలోకి పోవడమేమిటని ఆయన బాధ. తానే నేసిస్తానన్నాడు. ఆడబిడ్డ సంతోషించి, అయితే ఉత్త తెలుపు నేయమంది. అంచు వద్దు, బుట్టా వద్దు, ఒక్క రంగు పోగు కూడా వద్దంది. మగ్గం కింద గుంతలో తొక్కుతున్న మామ కాళ్లు ఆగిపోయాయి.

"ఉత్త తెలుపు గుడ్డ దేనికి నేసేది తెలుసునా నీకు?"

నేనూ అత్తా రాట్నాలు ఆపేశాం. అంచు లేని కోరా గుడ్డ మనిషి మీద ఒకేసారి కప్పుతారు, ఆ తర్వాత ఆ మనిషికి బట్టలతో పనిలేదు.

"నేను బతికుండంగ నా బిడ్డ చేతికి అట్లాంటి గుడ్డ ఇచ్చి మంచి పనికి పంపాల్నా? పంపను," అన్నాడు మామ.

ఆడబిడ్డ బతిమాలింది, తెర మీద ఇంకో బొమ్మ ఉంటే పాఠం చెడుతుందని. మా ఇంటాయన చెల్లెలి తరఫున, సినిమా హాల్లో తెరకు అంచు ఉంటుందా నాయనా అని అడిగాడు. అందుకే ఆ సినిమాలు అట్లా ఏడుస్తున్నాయన్నాడు మామ. నాకెందుకు, నోరు మూసుకుని కండెలు చుట్టుకోవచ్చు. కానీ కొత్త కోడలిగా మంచి పేరు తెచ్చుకోవాలన్న యావ ఉండేది నాకు. మధ్యలో దూరి, ఇద్దరిదీ కాకుండా రాజీ కుదిర్చాను. అటూ ఇటూ సన్నటి ఎర్ర అంచు, నడిమధ్యన మంగళకరంగా ఒకే ఒక్క బుట్టా. మీద వెలుతురు పడితే బుట్టా ఎట్లాగూ మునిగిపోతుంది, కనబడదు అని ధైర్యం కూడా చెప్పాను. ప్రొజెక్టరును అప్పటికి నేను కంటితో చూడలేదు. అయినా ఎంత ధీమాగా చెప్పానంటే, చూసినవాళ్లు కూడా నమ్మారు.

మగ్గం మీద అప్పుడు గంధం రంగు చీర నడుస్తోంది. పడుగు చివర మిగిలిన రెండు మూడు గజాల్లో తెల్ల పేక వేసి మామ తెర నేశాడు. బుట్టా మామూలుది వేస్తాడనుకున్నాం. ఆయన జరీ తీసి మామిడి పింది బుట్టా వేశాడు, అరచేతికి రెండింతలు. పొలికేకలు పెట్టే పచ్చటి జరీ. దాన్ని చూసి ఆడబిడ్డ ముఖం పాలిపోయింది గానీ, తండ్రి దాన్ని రెండు చేతుల మీద పరిచి వెలుతురుకు పట్టి చూపిస్తుంటే ఏమనగలదు? బాగుంది నాయనా అంది. అత్త నాలుగు మూలలా పసుపు పెట్టింది. కొత్త బట్ట కదా.

ఆ రోజు మోయడానికి మనిషి కావాలని నన్ను వెంట పంపారు. తెరను నిలువెత్తు కర్రకు చుట్టి బస్సెక్కితే, కండక్టరు దాన్ని కిందినుంచి పైదాకా చూసి ఏందమ్మా ఇది అన్నాడు. పాఠం అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, చదువుకున్నదాన్ని అనుకుని ఉంటాడు. దారి పొడుగునా పత్తి చేలు, ఆదోని దగ్గరపడేకొద్దీ పత్తి బోరాల లారీలు. పక్కన ఆడబిడ్డ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తూ పాఠం వల్లెవేసుకుంటోంది. నాకు మాత్రం మళ్లీ బడి గడప తొక్కాలంటే లోపల ఎక్కడో పాత భయం కదిలింది. ఎక్కం అప్పజెప్పమంటే ఏం చేయాలని ఆలోచిస్తూ కూర్చున్నాను. పెళ్లయినదాన్ని ఎవరూ ఎక్కాలు అడగరని తోచడానికి ఆదోని రావాల్సి వచ్చింది.

బడి ఒక ఇరుకు వీధిలో, ధాన్యం అంగళ్ల మధ్యన ఉంది. గది చీకటిగా ఉండాలంటే కిటికీలు మూయాలి, తలుపులేమో సరిగా లేవు. ఎదురు అంగడి శెట్టిగారిని అడిగితే ఖాళీ గోనెసంచులు ఇచ్చాడు. వాటిని కిటికీలకు కట్టేసరికి గదంతా జొన్నల వాసన. తెర కట్టడానికి చూస్తే గోడకు మేకు లేదు. పైన ఫ్యాను లేని కొక్కెం మాత్రం ఉంది. తెర కర్రకు తాడు కట్టి, ఆ కొక్కెంలోంచి దూర్చి, రెండో కొస నా చేతికిచ్చింది ఆడబిడ్డ. జెండా తాడులాగా పట్టుకుని పక్కన నిలబడమంది. కదలొద్దంది. తుమ్మకూడదంది. సారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు, కళ్లజోడు నుదుటి మీదే ఉంది. ఆరో తరగతి పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు.

ప్రొజెక్టరు వెలిగింది. తెర మీద ఒక మనిషి బొమ్మ పడింది. నోరు, గొంతు, కిందికి గొట్టం, సంచిలాంటి కడుపు, మెలికలు తిరిగిన పేగులు, అన్నీ ఎర్రగా కనిపిస్తున్నాయి. బుట్టా మునిగిపోతుందని చెప్పాను కదా. వెలుతురు పడగానే ఆ జరీ మామిడికాయ భగ్గుమని వెలిగింది. అదీ సరిగ్గా ఆ మనిషి గొంతు మీద. పిల్లల్లో సన్నగా నవ్వు మొదలైంది. ఆడబిడ్డ అది గుడ్డ మీది బొమ్మ, దాన్ని చూడొద్దు అని చెప్పింది. (పిల్లలకు దేన్నయినా చూపించాలంటే అంతకంటే మంచి ఉపాయం లేదు, ఇప్పుడు నాకు తెలుసు.) అందరూ దాన్నే చూశారు. ఆమె నా వైపు తిరిగి కళ్లతో పైకి అని సైగ చేసింది. నేను తాడు లాగాను. మామిడికాయ ముక్కు మీదికి వచ్చింది. ఈసారి నవ్వు సన్నగా లేదు. సారు చేయి కళ్లజోడు దగ్గరికి పోవడం నేను చూశాను.

ఆమె ఇంకేం చేయలేక లాప్‌టాప్ మీదికి వంగి ఏదో నొక్కసాగింది. మొదటిసారి జరిగింది నేను చూడలేదు గానీ, ఇట్లాగే జరిగి ఉంటుందని అప్పుడు అర్థమైంది. వీపు పిల్లల వైపు, ముఖం మిషను వైపు. ఇంకాసేపట్లో ఈ చదువు అయిపోతుంది, రేపటినుంచి ఈమె నా పక్కన రాట్నం ముందు కూర్చుంటుంది అనుకున్నాను. తోడుంటుందని కాస్త సంతోషం కూడా వేసిందేమో, అబద్ధమెందుకు. ఆ ఆలోచనలో పడి, ఎత్తి పట్టుకున్న చేతులు లాగుతుంటే, పట్టు సడలింది. తాడు జారింది. మామిడికాయ ముక్కు మీదినుంచి నోటి మీదుగా, గొంతులోంచి జర్రున జారి కడుపు సంచిలో పడి ఆగింది.

ముందు వరసలో రెండు జడల పాప ఒకతి లేచి నిలబడింది.

"టీచర్, ఆయప్ప మామిడికాయ మింగేసినాడు."

ఇంక గది గదిలా లేదు. బెంచీలు చరిచేవాళ్లు, కడుపు పట్టుకునేవాళ్లు. నేను తాడు పట్టుకునే కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి ఆడబిడ్డ లాప్‌టాప్ వదిలేసి నిటారుగా నిలబడి ఉంది. పిల్లల వైపు చూస్తోంది. ఆ గదిలోకి వచ్చాక ఆమె వాళ్ల ముఖాలు చూడడం అదే మొదటిసారి. నవ్వు తగ్గేదాకా ఆగి, మామూలుగా, మా ఇంట్లో మాట్లాడినట్టే అడిగింది.

"నమిలినాడా?"

"లేదు టీచర్," అన్నారంతా.

"అట్ల మింగొచ్చునా?"

"గొంతుకు పడతాది టీచర్," అన్నాడొకడు. వాడికి అనుభవం ఉన్నట్టుంది, గొంతు తడుముకున్నాడు.

"వదినా, మళ్ల నోటికాడికి ఎత్తు," అంది ఆమె.

ఎత్తాను. ఇంక అక్కడినుంచి నాకు తీరిక లేదు. నోటి దగ్గర ఆపమంటే ఆపాను. పళ్లు ఏం చేస్తాయి, నోట్లో నీళ్లెందుకూరతాయి అని ఆమె అడుగుతుంటే, పిల్లలు నాలుకలు తిప్పి చూసుకుంటున్నారు. చింతకాయ పేరెత్తింది ఒక పిల్ల, గదంతా గుటకలు. ఆ గుటక ఎటు పోయిందో వేలు పెట్టి చూడండి అంది ఆడబిడ్డ, అందరూ గొంతుల మీద వేళ్లు పెట్టుకున్నారు. నేను తాడు మెల్లగా వదిలాను. గొట్టంలో మామిడికాయ దిగుతుంటే ఎవరూ చెప్పకుండానే పిల్లలందరి చూపులూ దాంతోపాటు దిగాయి. కడుపులో ఆగమంటే ఆపాను, పేగుల్లోకి పంపమంటే పంపాను. కొసకు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది, తాడు అంత వదలాలి మరి. ఆ మనిషి అరుగుదలంతా నా చేతుల మీదుగానే నడిచింది.

పేగుల దగ్గర రెండు జడల పాప మళ్లీ లేచింది. మామిడికాయ మామిడికాయగానే ఉంది కదా టీచర్ అంది. సారు ముందుకు వంగాడు. నాకూ అదే అనుమానం వచ్చి, నేసింది మా మామే కదా, ఎట్లా కరుగుతుంది అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆడబిడ్డ తడబడలేదు. అట్ల ఉండొచ్చునా అని పాపనే అడిగింది. ఉండకూడదంది పాప. అయితే ఏం కావాలంది. అక్కడినుంచి పిల్లలు వాళ్లలో వాళ్లే వాదులాడుకున్నారు. నమలాలని ఒకడు, కడుపులో రసం ఉందని ఒకడు, పలచన కావాలి, అప్పుడు కదా రక్తంలోకి పోయేది అని పాప. అరగకుండా అట్లాగే దిగిపోతే ఏమవుతుందో కూడా ఒకడు చెప్పాడు, అది నేను ఇక్కడ చెప్పను. బొమ్మలో తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టి, వాళ్లే సరిచేశారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

పిల్లలు పోయాక సారు ఆమెను నిలబెట్టి అడిగాడు, తరగతిలో యంత్రాలు వాడడం గురించి ఈ పాఠం తర్వాత నీ ఆలోచన ఏమిటని. పుస్తకంలో దానికి జవాబు ఉందంట, ఆమె దాన్ని ఎమ్మిగనూరు నుంచి వల్లెవేస్తూనే వచ్చింది. అది చెప్పలేదు.

"సార్, ఇంతకుముందు మిషన్ బాగుంటే పాఠం బాగున్నట్టనుకుంటి. పోయినసారి ఫోను పనిచేసింటే నేనసలు పిల్లోల్ల మొకాలే చూసుండను, వాళ్లకు తెలిసిందో లేదో నాకు తెలిసుండదు. ఇప్పుడు తెర చెడిపోయినాకే వాళ్లు మాట్లాడిరి. మిషన్ వద్దనను సార్. ఈ పిల్లోల్లు సముద్రం యాడ చూస్తారు, నేనే చూడలేదు. చూపియ్యాల. చూపిచ్చి, పక్కకు జరిగి, వాళ్లేమంటారో వినాల."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సరే, వచ్చే ఏడాది నువ్వు రానక్కర్లేదు అన్నాడు. కాలేజీ నుంచే తీసేశారనుకుని, చేతిలో తాడు అట్లాగే పట్టుకుని ఆయన ముందుకు పోయి, తప్పు నాది సార్, నా చేయి జారింది, ఆ పిల్లది కాదు అని మొదలుపెట్టాను. ఆడబిడ్డ నా కొంగు పట్టి లాగుతోంది. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఈ అమ్మాయి ఏ కాలేజీలో శిక్షణ అని అడిగాడు. మా వదిన సార్, కండెలు చుడతాది అంది ఆమె. సారు తలూపాడు. చేయి మంచి సమయానికి జారిందన్నాడు. పాఠం నెగ్గిందని నాకు అర్థమయ్యేసరికి ఆయన వసారా దాటిపోయాడు.

తిరుగు బస్సులో ఆడబిడ్డ కిటికీ పక్కన కూర్చుంది. "నేను టీచరైనాక" అని ఒకసారి మొదలుపెట్టి, ఆపేసింది. ఏం మే, ఆగిపోయినావే అన్నాను. తెలీదులే వదినా, పిల్లోల్లు వచ్చినాక చూడాల అంది. అంతకుముందు ఆమె మాటల్లో ఎప్పుడూ మిషన్లే ఉండేవి, పిల్లలు నోరెత్తకుండా కూర్చుని ఉండేవాళ్లు. ఇంట్లోకి అడుగు పెట్టగానే మామ మగ్గం గుంతలోంచే తలెత్తి అడిగింది ఒక్కటే.

"వెలుతుర్లో అంచు తిన్నగా కనపడిందా?"

"అంచు బాగుండె నాయనా. మామిడికాయే అరగలేదు," అంది ఆమె. ఆయనకు ఏమీ అర్థం కాకపోయినా, కూతురు నవ్వుతోంది కాబట్టి తానూ నవ్వి, మళ్లీ నాడె అందుకున్నాడు.

ఆమె ఇప్పుడు మద్దికెర వైపు ఒక బడిలో టీచరు. గోడంత తెర ఉందంట, వేలు పెడితే చాలంట, సముద్రం వస్తుందంట. ఫోనులో అప్పుడప్పుడు ఆ పిల్లల మాటలు వినిపిస్తుంది నాకు. సముద్రం వెనక ఎవరో నీళ్లు పోస్తూనే ఉన్నారా టీచర్ అని అడిగాడంట ఒకడు. ఏం చెప్పావు అంటే, నువ్వేమనుకుంటావురా అని అడిగినానంది. నాకూ వయసు పెరిగింది, పనిలో ఒడుపు వచ్చింది. ఇప్పుడు నన్ను ఆ గదిలో నిలబెడితే, తాడు కిటికీ కమ్మీకి రెండు ముళ్లేసి కదలకుండా కట్టేస్తాను. మామిడికాయ ముక్కు మీదే ఉండిపోయేది, ఆ పాఠం అక్కడే ముగిసిపోయేది. చేయి నొప్పెట్టి, మనసు ఎటో పోయి, ఏం చేస్తోందో తెలియకుండా పట్టు వదిలేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. దానికున్న తెలివి ఆ మాత్రమే, పాపం. అదే సరిపోయింది.

చీకటి పడుతోంది, ఇంక లేవండి. మీ ఇంట ప్రశ్న వేసే బిడ్డకు కొదవ లేకుండా, బదులిచ్చే పెద్దలకు ఓపిక తగ్గకుండా, తిన్నది ఒంటబట్టి, నవ్వింది మనసున నిలిచి, మీ గడప చల్లగా ఉండాలి.